మూడో వరుస దాటని బంట్లు

చెన్నైలో ఆదివారం ర్యాపిడ్ (తక్కువ టైంలో ముగిసే) చెస్ టోర్నమెంట్లు ఆడే నాలాంటి పెద్దవాళ్లందరిదీ ఒకటే గోడు. ఎదుటి కుర్చీలో పిల్లాడికి పదేళ్లుంటాయి, కాళ్లు నేలకు ఆనవు, అయినా సిసిలియన్ అనే ఓపెనింగ్‌లో (ఆట మొదలుపెట్టే ఎత్తుల వరసలో) పదిహేనో ఎత్తు దాకా కన్నార్పకుండా వేసేస్తాడు. మనం సగం టైం తగలేసి అక్కడికి చేరేసరికి వాడు లేచి పక్క బోర్డులన్నీ చూసొస్తుంటాడు. బయట వరండాలో వాళ్లమ్మ ఇడ్లీ డబ్బా పట్టుకుని కాచుకుని ఉంటుంది. ఈ ఊళ్లోనే పుట్టిపెరిగిన తెలుగింటి అబ్బాయి గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాక ఇలాంటి పిల్లలు ఇంకా ఎక్కువయ్యారని నా అనుమానం. సంతోషమే. కానీ వాళ్లతో ఆడాల్సింది నేను కదా!

నల్లపావులు వస్తే నేను సిసిలియన్‌లోనే ఒక రకమైన నైడార్ఫ్ ఆడేవాణ్ణి. అందులో తెల్లపావులు ఆడేవాళ్లు ఆరో ఎత్తుకే అరడజను దారులు తీస్తారు. ఒక్కో దారికీ మళ్లీ కొమ్మలు. పొద్దున్నే విల్లివాక్కం నుంచి అంబత్తూరు వెళ్లి, రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేవాడికి అవన్నీ గుర్తుండాలంటే అయ్యే పని కాదు. 2024 మార్చిలో ప్రపంచ చెస్ సంఘం ఫిడే, ఆటగాళ్ల స్థాయిని చెప్పే రేటింగుల్లో 2000 లోపువాటిని కాస్త పైకి జరిపింది కాబట్టి నా అంకె గౌరవంగానే కనబడుతోంది గానీ, ఆట మాత్రం పాతదే.

మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఒక బాబాయిగారున్నారు. నెల్లూరు జిల్లా మనిషి. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో మాన్యువల్ ఆరన్ పెట్టిన తాల్ చెస్ క్లబ్‌కు వయసులో ఉన్నప్పుడు వెళ్లి ఆడేవారట. చిన్నప్పుడు విశ్వనాథన్ ఆనంద్ ఆడింది కూడా అక్కడే. సోవియట్ పుస్తకాలు కారుచవగ్గా దొరికిన రోజుల్లో కొన్న చెస్ పుస్తకాలు ఆయన దగ్గర ఇంకా ఉన్నాయి, అట్టలు ఊడిపోయి, దారంతో కట్టి.

2025 ఫిబ్రవరిలో మాజీ ప్రపంచ చాంపియన్ బోరిస్ స్పాస్కీ 88 ఏళ్ల వయసులో పోయారు. ఆ వారం ఏ పేపరు చూసినా 1972లో రెక్జావిక్‌లో ఫిషర్ చేతిలో ఆయన ఓడిన మ్యాచ్, అదే కథ. బాబాయిగారికి ఒళ్లు మండింది. "ఏందబ్బయ్యా ఇది, ఆ మనిషి ఓడిపోయిన మ్యాచ్ ఒక్కటే ఆడినాడా? 1966లో పెట్రోసియన్ మీద ఏం ఆడినాడో చూసినోళ్లు ఎవురన్నా ఉండారా?" అంటూ బోర్డు తెచ్చి బాల్కనీలో పరిచారు.

ఆయన నల్లపావులు పేర్చిన తీరు చూసి నాకు నవ్వొచ్చింది. (బోర్డు మీద నిలువు వరుసలకు ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరుసలకు తెల్లవాడి వైపు నుంచి 1 నుంచి 8 దాకా అంకెలు.) ఏ6, బీ6, డీ6, ఈ6, జీ6, హెచ్6 గడుల్లో ఆరు బంట్లు. సీ, ఎఫ్ బంట్లు అసలు కదలనే లేదు. బిషప్‌లు బీ7లో ఒకటి, జీ7లో ఒకటి. గుర్రాలు డీ7, ఈ7లో. నల్లవాడి వైపు నుంచి లెక్కేస్తే ఒక్క బంటు కూడా మూడో వరుస దాటలేదు. మధ్య గడులన్నీ తెల్లవాడికి రాసిచ్చేసినట్టే. దీన్ని హిప్పోపొటమస్ డిఫెన్స్ అంటారు, ఆడేవాళ్లు ముద్దుగా హిప్పో అంటారు. నీళ్లలో మునిగి కళ్లు మాత్రం పైకి పెట్టుకుని ఉండే ఆ జంతువును చూసినవాళ్లకు పేరు గురించి వేరే చెప్పక్కర్లేదు.

1966లో మాస్కోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో, పన్నెండో ఆటలోనూ పదహారో ఆటలోనూ స్పాస్కీ ఆడింది ఇదే. రెండూ డ్రా అయ్యాయి. పన్నెండో ఆటలో అయితే చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాడు. 24 ఆటల మ్యాచ్‌లో పెట్రోసియన్ 12.5–11.5తో కిరీటం నిలబెట్టుకున్నాడు. స్పాస్కీ దాన్ని 1969లో గెలుచుకున్నాడు. ప్రపంచ కిరీటం కోసం ఆడేవాడు, అదీ పెట్రోసియన్‌లాంటి రాతిగోడ మీద, ఈ అమరికను రెండుసార్లు నమ్మాడంటే ఇది పిల్లచేష్ట కాదని నాకు అర్థమైంది. నేర్చుకుందామని అప్పుడే అనుకున్నాను.

యూట్యూబ్‌లో వెతికితే హిప్పో మీద బోలెడు వీడియోలు. "తెల్లవాడు ఏం ఆడినా ఇవే పది ఎత్తులు, ఏమీ చదవక్కర్లేదు" అని ఊదరగొట్టేవే ఎక్కువ. బాబాయిగారు అలాంటిది ఒకటి చూసి ఫోన్ పక్కన పడేశారు. ఏమీ చదవకుండా ఆడితే ఏమవుతుందో చూపిస్తానని నాలుగో ఎత్తు దగ్గరే ఆపారు. ఇది ఎవరికైనా ఉపయోగపడుతుంది కాబట్టి పూర్తిగా చెబుతాను.

తెల్ల ఈ4, నల్ల జీ6. తెల్ల డీ4, నల్ల బిషప్ జీ7. తెల్ల గుర్రం ఎఫ్3, నల్ల డీ6. తెల్ల బిషప్ సీ4. ఇప్పుడు నల్లవాడు "ఎలాగూ గుర్రం డీ7కే కదా పోవాలి, ముందే పెట్టేద్దాం" అనుకుని అక్కడ పెట్టాడనుకోండి, అక్కడితో సరి. తెల్ల బిషప్ ఎఫ్7 బంటును కొట్టి చెక్ ఇస్తుంది. రాజు దాన్ని తినగానే గుర్రం జీ5కి దూకి మళ్లీ చెక్. రాజు ఈ8కి వెనక్కి పోతే గుర్రం ఈ6లో దిగుతుంది, మంత్రికి పోవడానికి ఒక్క గడి ఉండదు, ఎందుకంటే డీ7లో మన గుర్రమే అడ్డం. ఎఫ్8కి పోతే అదే ఈ6 నుంచి రాజుకు చెక్, మంత్రికి ఎసరు. పోనీ ముందుకు, ఎఫ్6కి వద్దామంటే తెల్ల మంత్రి ఎఫ్3కి వస్తుంది, అంతే, ఆట కట్టు. పక్కనున్న గడులన్నీ ఒకసారి వేలుపెట్టి చూసుకున్నాను. ఒక్క సందు లేదు.

కాబట్టి ముందు ఈ6, ఆ తర్వాతే డీ7 గుర్రం. ఈ6 బంటు సీ4 బిషప్ చూపును మూసేస్తుంది. ఏ ఎత్తు ముందు, ఏ ఎత్తు వెనక అన్నది హిప్పోలో పెద్దగా పట్టించుకోనక్కర్లేదంటారు గానీ ఈ ఒక్కచోట పట్టించుకోవాల్సిందే.

ఆ తర్వాత నేర్చుకోవాల్సింది, నా లెక్కలో అసలు పాఠం, బంటు బంటును తాకినప్పుడు ఏం చేయాలన్నది. హిప్పోలో మన బంట్లు ఎవరినీ తాకవు, తాకేది తెల్లవాడే. తాకినప్పుడు తినకుండా పక్కనుంచి దాటించేయడం దీని పద్ధతి. తెల్లవాడు ఈ5 తోస్తే మనం డీ5. వాడు డీ5 తోస్తే మనం ఈ5. హెచ్5 అంటే జీ5, జీ5 అంటే హెచ్5. అటు చివర ఏ5 అంటే బీ5. ఇలా దాటించిన ప్రతిసారీ ఒక వైపు మూతపడుతుంది, తెల్లవాడు ఏనుగుల కోసం వరుస తెరుద్దామని వేసుకున్న పథకం అక్కడే ఆగిపోతుంది. అప్పుడు మనం రెండో వైపు తలుపు తీయాలి. మధ్యలో ఈ5–డీ5 అయితే సీ5తో, డీ5–ఈ5 అయితే ఎఫ్5తో. స్పాస్కీ పన్నెండో ఆటలో చేసింది సరిగ్గా ఆ రెండోదే. పెట్రోసియన్ డీ5 తోయగానే ఈ5తో మూశాడు, రాజును హెచ్7కి జరిపాడు, ఎఫ్5 తోశాడు.

వినడానికి తేలిగ్గా ఉంది కదా. బోర్డు మీద అంత తేలిక కాదు. తెల్లవాడు ఎఫ్4, ఎఫ్5 అంటూ మీదికొస్తే ఈ దాటించే సూత్రం అక్కరకు రాదు. ఈ6 బంటు మీద ఒత్తిడి పడుతుంది, గుర్రమో బిషప్పో ఈ6లో బలిచ్చి రాజును బయటకు లాగే ఆటలు ఇందులో కొల్లలు. అక్కడ ప్రతి ఎత్తుకీ లెక్క వేయాల్సిందే, సూత్రాలేవీ కాపాడవు. పైగా కంప్యూటర్ చెస్ ఇంజిన్‌కు ఈ అమరిక చూపిస్తే మొదటి నుంచి చివరి దాకా తెల్లవాడిదే పైచేయి అంటుంది. మా స్థాయిలో ఆ తేడాతో ఆటలు తేలవు. అది మాత్రం నేను చాలాసార్లు చూశాను.

అందుకే ఆ వీడియోల మీద నాకు కోపం. ఆ డీ7 గుర్రం సంగతి తప్పిస్తే మొదటి పది ఎత్తులకు చదువు అక్కర్లేదన్నది నిజమే. పదకొండో ఎత్తుకు మాత్రం నైడార్ఫ్‌కు పట్టేంత చదువూ పడుతుంది. కాకపోతే ఇది బట్టీ పట్టే చదువు కాదు. రాత్రి ఎనిమిదింటికి అలిసిపోయి ఇంటికొచ్చినవాడు కూడా చేయగలిగిన చదువు. నాకు నచ్చింది అదే.

బాబాయిగారి శిక్షణ పద్ధతి విచిత్రంగా ఉండేది. ఆట మొదటి నుంచి ఆడనిచ్చేవారు కాదు. నల్లపావులు హిప్పోలో పేర్చేసి, తెల్లపావులు తనకు తోచినట్టు పెట్టుకునేవారు. ఒకరోజు మంత్రి డీ2లో, బిషప్ ఈ3లో, అంటే నేను పొట్టివైపు క్యాస్లింగ్ చేస్తే (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపి రాజును హెచ్ మూల వైపు దాచితే) హెచ్6 బంటు ఎగిరిపోయేలా. ఇంకోరోజు సీ4, డీ4, ఈ4 మూడు బంట్లతో గోడ. నేను పావు ముట్టుకునే ముందు ఒక మాట పైకి చెప్పాలి: "నేను ఇప్పుడు ఏమీ ఆడకుండా వదిలేస్తే తెల్లవాడు ఏం చేస్తాడు?" జవాబు సరిగ్గా చెబితేనే ఎత్తు వేయనిచ్చేవారు. లేకపోతే కాఫీ గ్లాసు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయేవారు. కొన్నాళ్లు నాకు చెస్ కంటే ఆయన కాఫీ తాగి రావడానికి పట్టే సమయమే ఎక్కువ తెలిసింది.

రాజు సంగతి కూడా అలా కూర్చునే తెలుసుకున్నాను. చిన్నప్పటి నుంచి తొందరగా క్యాస్లింగ్ చేయమని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు కదా మనకు. హిప్పోలో రాజు చాలాసేపు ఈ8లోనే ఉంటాడు. "యాడికి పోవాల్నో తెల్లోడే చెప్తాడు, నువ్వు తొందరపడబాక" అనేవారు బాబాయిగారు. తెల్లవాడు పొడుగువైపు క్యాస్లింగ్ చేసి జీ, హెచ్ బంట్లను మీదికి తోస్తుంటే మన రాజు అటు పోవడం పిచ్చితనం. మధ్యలోనే నిలబడితే దాడి చేయడానికి వాడికి అడ్రసు దొరకదు. ఇది మొదట్లో భలే టెన్షన్‌గా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

టోర్నమెంట్‌లో మొదటిసారి ఆడింది ఒక కళ్యాణ మండపంలో. పెళ్లి భోజనాల బల్లల మీదే బోర్డులు పరిచారు, ఫ్యాన్ల గాలికి స్కోరు షీట్లు ఎగురుతున్నాయి. ఎదురుగా రెండు జడల పాప. పదకొండేళ్లుంటాయేమో. నేను జీ6, బిషప్ జీ7, డీ6, ఈ6 వేస్తుంటే మామూలుగానే ఆడింది. ఏ6, బీ6 దగ్గర తలెత్తి నా ముఖం చూసింది. హెచ్6 పెట్టేసరికి ఆ పాప చేతులు ఒళ్లో పెట్టుకుని ఆలోచనలో పడింది. పదిహేను నిమిషాల ఆటలో మూడు నిమిషాలకు పైగా ఆ ఒక్క ఎత్తుకే ఖర్చయ్యాయి. ఆ క్షణం కోసమే కదా నేను ఇదంతా నేర్చుకుంది!

తర్వాత మంత్రి డీ2, పొడుగువైపు క్యాస్లింగ్, జీ4, హెచ్4. అనుకున్న దారిలోనే వచ్చింది. హెచ్5 తోసింది, నేను జీ5తో దాటించాను. ఆ వైపు తాళం పడింది. ఇక మధ్యలో తెరుద్దామని ఈ5 తోసింది, నేను డీ5 పెట్టాను. అప్పుడు చూడాలి ఆ ఈ5 బంటు పరిస్థితి. ఎఫ్4తో దానికి కాపు పెడదామంటే నా జీ5 బంటు తినేస్తుంది. నేను సీ5 తోసి డీ4 బంటును అక్కడి నుంచి లాగేశాను, ఈ7 గుర్రాన్ని సీ6కి తెచ్చాను. సీ6 గుర్రం, డీ7 గుర్రం, జీ7 బిషప్, మూడూ కలిసి ఆ ఒక్క బంటు మీద పడ్డాయి. బంటు పోయింది. దాని వెనకే మధ్యంతా నాదైంది. చివర్లో పాపకు టైం కూడా మిగల్లేదు. చేతులు కలిపాక, "ఇదు ఎన్న ఓపెనింగ్, అంకుల్?" అని అడిగింది. చెప్పాను. వెంటనే వరండాలోకి పరిగెత్తి వాళ్ల కోచ్‌కు చెప్పింది. వచ్చే నెలకు ఆ అకాడమీ పిల్లలందరికీ దీనికి మందు తెలిసిపోతుందని అప్పుడే అర్థమైంది.

అయితే హిప్పోకు అసలు శత్రువులు పిల్లలు కాదు. ఆ మధ్యాహ్నమే నాకు తలనెరిసిన ఒక తమిళ పెద్దాయన తగిలారు. తెల్ల చొక్కా, నుదుట విభూతి. ఏ4, హెచ్3, ఏనుగులు ఈ1కీ డీ1కీ, మంత్రి డీ2కి. ఇవన్నీ వేసుకుని ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. దాడి చేయరు, బంటు తోయరు. రాజును జీ1 నుంచి హెచ్1కి, మళ్లీ హెచ్1 నుంచి జీ1కి. హిప్పో బలమంతా ఎదుటివాడి తొందరలో ఉంది. ఎదుటివాడికి తొందర లేకపోతే మనమే ఏదో ఒకటి చేయాలి, ఏం చేసినా మన బంట్ల మధ్యే కన్నం పడుతుంది. నేను ఎఫ్5 తోస్తే ఆయన బంటు మార్చుకుని, బలహీనపడ్డ నా ఈ6 బంటు మీదికి ఈ వరుసలో ఏనుగులు రెండూ నిలబెట్టారు. ఎండ్‌గేమ్ దాకా లాక్కెళ్లి తాపీగా గెలిచారు. మొత్తం ఆటలో ఆయన ఒక్కసారి కూడా ముందుకు వంగలేదు.

ఆ స్కోరు షీటు చూసి బాబాయిగారు సంతోషపడ్డారు. ఇలాంటి మనిషి ఎదురవ్వాలనే ఆయన చూస్తున్నారట. అలా కదలకుండా కూర్చునేవాళ్ల మీద హెచ్6, ఏ6 పూర్తిచేసే దాకా ఆగకూడదని, హిప్పో సగంలో ఉండగానే ఈ5 తోసి మామూలు మోడర్న్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లోకి దిగిపోవాలని ఆయన వాదన. నాకు అది సబబే అనిపించింది. ఇప్పుడు సీ4, డీ4, ఈ4 గోడ కట్టేవాళ్ల మీద అలాగే ఆడుతున్నాను. తెల్లపావులతో లండన్ సిస్టం అనే ఓపెనింగ్ ఆడేవాళ్ల మీద మాత్రం పూర్తి హిప్పోనే. ఎఫ్4లో వాళ్ల బిషప్ ఉంటుంది కాబట్టి హెచ్6 వేశాక జీ5 ఒక ఎత్తు లాభంతో వస్తుంది. ఎఫ్4 బంటు తోసి మీదికొచ్చేవాళ్ల మీద హిప్పో ఆడటం మానేశాను. నా గుండెకు అంత ధైర్యం లేదు.

కొత్త తలనొప్పి ఇంకొకటి తగులుకుంది. ఈ5–డీ5, ఆ తర్వాత సీ5 అయ్యాక బోర్డు చూస్తే అది అచ్చం ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఇంకో ఓపెనింగ్‌లో వచ్చే బంట్ల గొలుసే. కాబట్టి ఫ్రెంచ్ తెలియకుండా ఇందులో మధ్య ఆట ఆడలేం. చదువు తప్పించుకుందామని నైడార్ఫ్ వదిలినవాణ్ణి ఇప్పుడు ఫ్రెంచ్ ఆటలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ గొలుసు పడితే బీ7లో బిషప్ గోడకు ముఖం పెట్టుకుని ఉండిపోతుంది. దాన్ని ఏ6కి తెచ్చి తెల్లవాడి ఎఫ్1 బిషప్‌తో మార్చేసుకోవాలని బాబాయిగారు చూపించారు. అలా చేయాలంటే ఏ6 గడి ఖాళీగా ఉండాలి, హిప్పోలో అక్కడ మన బంటే ఉంటుంది. దీని మీద మా ఇద్దరికీ రెండు మూడు సాయంత్రాలు గట్టి వాదనే నడిచింది. చివరికి ఏ6 బంటును అన్నిటికంటే ఆఖర్న తోయాలని ఒప్పందానికి వచ్చాం. తెల్లవాడు ఈ5 తోస్తాడో లేదో తేలాకే. ఈ ఆదివారం అంబత్తూరులో అలాగే ఆడి చూస్తాను.